పాత ఫోర్‌వీల్ పికప్ కొనుగోలు: బురద రోజులకా, సరుకు రోజులకా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వర్తకులకు సొంత బండి ఆలోచన కొత్తది కాదు. సీజన్‌లో కిరాయి బండి దొరకక సరుకు ఒక రాత్రి ఆగిపోయిన ప్రతిసారీ ఆ మాట దుకాణంలో వినిపిస్తూనే వుంటుంది. కొత్త పికప్ ధర అందనివారు పాతదాని వైపు చూడడమూ మామూలే. అయితే పాత బండ్లలో ఇప్పుడు మరొక రకం కూడా బేరానికి వస్తున్నది. వెనుక చక్రాలకే గాక ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందే ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ అది. చూపుకు దిట్టంగా వుంటుంది, వానలో పొలం బాటన పోతుంది, నలుగురు కూర్చోవచ్చు, వెనుక సరుకు వేయవచ్చు. అమ్మేవారు చెప్పే ఈ గుణాలలో అబద్ధం లేదు. వర్తకునికి తేలవలసినది మాత్రం వేరే వున్నది: ఆ గుణం పనికివచ్చే రోజులూ, తన సరుకు కదిలే రోజులూ ఒకటేనా?

ముందుగా రకాలు. మహీంద్రా బొలేరో క్యాంపర్‌లో ఫోర్‌వీల్ రకం, స్కార్పియో గెటవే, టాటా జినాన్, ఇసుజు వి-క్రాస్ పాత బజారులో కనబడే పేర్లు. వీటిలో వి-క్రాస్ 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారవుతున్నది. గెటవే, జినాన్ కొత్తవి ఇప్పుడు రావు. తయారీ ఆగిన బండి చవకగా దొరుకుతుంది గాని, ఫోర్‌వీల్‌కు సంబంధించిన విడిభాగాలు కావలసివచ్చినప్పుడు ఆ చవక కొంత తిరిగి ఇచ్చుకోవలసి వస్తుంది. ఇంజను సామాను కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో దొరకవచ్చు. ముందు ఇరుసు గేర్ల సామాను అంత సులువు కాదు.

సరుకు క్యాలెండరు

ఈ ప్రాంతంలో పికప్‌కు పని చెప్పే సరుకులను నెలల వారీగా చూస్తే విషయం తేటపడుతుంది. పసుపు జనవరి నుంచి మార్చి వరకు తవ్వుతారు. ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి మెట్‌పల్లికో నిజామాబాద్‌కో తెచ్చేది ఫిబ్రవరి మొదలు ఎండాకాలంలోనే. మామిడి ఏప్రిల్‌లో మొదలై జూన్ వరకు. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్‌లో కాయ దిగే రోజులన్నీ మండు వేసవి. తునికాకు కోత ఏప్రిల్, మే నెలలు. పత్తి నవంబరు నుంచి చలికాలమంతా. అంటే పికప్‌కు చేతినిండా పని వుండే నెలలలో నేల గట్టిగా, బాట పొడిగా వుంటుంది. వెనుక చక్రాల బండి ఏ ఇబ్బందీ లేక పోతుంది.

ఇక బురద ఎప్పుడు? జూలై నుంచి అక్టోబరు వరకు. ఆ నాలుగు నెలలు పొలాల నుంచి బయటికి వచ్చే సరుకు తక్కువ. లోపలికి పోయేవి ఎరువులు, విత్తనాలు. వాటిని ఎక్కువగా ట్రాక్టర్లే మోస్తవి. వానాకాలం వరి కోతకు వచ్చేసరికి పొలం తడి వున్నా, కోత మిషను దగ్గర నుంచి కొనుగోలు కేంద్రానికి వడ్లు తెచ్చేది ట్రాక్టరు ట్రాలీ, అక్కడి నుంచి మిల్లుకు లారీ. మధ్యలో పికప్‌కు చోటు లేదు. యాసంగి కోతల వేళ అకాల వర్షం పడితే రెండు మూడు రోజులు ఆటంకమే. మామిడి చివరి కోతలలో తొలకరి పడితే తోట బాట జారుతుంది. అవి లెక్కకు వచ్చే రోజులే గాని, వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజులలో తోట యజమాని ట్రాక్టరుతో బండిని తారు రోడ్డు దాకా లాగించుకునే అలవాటు ఎటూ వున్నది. తాడు ధర తక్కువ.

అందుచేత మామూలు అడ్తి వ్యాపారికి ఫోర్‌వీల్ కోసం అదనంగా పెట్టే ధర సరుకు మీద తిరిగి రావడం కష్టం. దీనికి మినహాయింపులు లేకపోలేదు. రాయికల్, సారంగాపూర్, బీర్పూర్ వైపు అడవి అంచు గ్రామాల్లో తోటలు గుత్తకు పట్టేవారు కాయ దశ నుంచే వారానికి రెండుసార్లు తోటకు పోవలసి వుంటుంది. కోనరావుపేట, రుద్రంగి, వీర్నపల్లి దిక్కు తండాలకు ఏడాది పొడుగునా సరుకు వేసే కిరాణా, ఎరువుల వ్యాపారులు వున్నారు. కాకతీయ కాలువ కింద రేగడి నేలల్లో బోరు మోటార్లు, పైపులు దింపే వ్యాపారికి వానాకాలమే సీజన్. ఇటువంటి వారికి ముందు చక్రాలు తిరగడం ఆడంబరం కాదు. మిగిలినవారు తమ సరుకు తారు రోడ్డు దిగి ఎన్ని రోజులు పోతున్నదో నిరుటి చిట్టా తీసి చూసుకోవడం మంచిది. నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి, మంచిర్యాలలను కలిపేది 63వ నెంబరు జాతీయ రహదారి; ఆ రోడ్డు మీద ఫోర్‌వీల్ గేరు వేసే పని ఎప్పుడూ వుండదు. పైగా పొడి తారు రోడ్డు మీద వేసి నడిపితే టైర్లు అరిగి గేర్లు బిగుసుకుంటవి.

సిరిసిల్ల సంగతి వేరు. అక్కడి సరుకు మర మగ్గాల గుడ్డ, నూలు. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో మొదలైన తరువాత, ఇటీవల మహిళా సంఘాల చీరల ఆర్డర్లలోనూ, రవాణా అంతా కార్ఖానాకూ గోదాముకూ మధ్య, గోదాముకూ ప్రాసెసింగ్‌కూ మధ్య నడిచేదే. గుడ్డకు బరువు కన్నా చోటు ముఖ్యం. నాలుగు చక్రాల బలం కన్నా తడవని మూత ముఖ్యం. డబుల్ క్యాబ్ పికప్‌లో వెనుక బాడీ పొడవు సుమారు 5 అడుగులే. మామూలు సింగిల్ క్యాబ్ పికప్‌లో 8, 9 అడుగులు దొరుకుతుంది. గుడ్డ వ్యాపారి ఫోర్‌వీల్ కొంటే చోటు పోగొట్టుకుని, పనికిరాని బలాన్ని కొన్నట్లే అవుతుంది. సిరిసిల్లకు మూసిన బాడీ గల వెనుక చక్రాల బండే తగినది.

కిరాయా, సొంతమా?

ఫోర్‌వీల్ మాట పక్కన పెట్టినా, అసలు సొంత బండి గిట్టుతుందా అన్నది వేరే లెక్క. ఉదాహరణకు ఒక ఊహా లెక్క వేసుకోవచ్చు. బండి ధర రు. 5 లక్షలు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అయితే సంవత్సరానికి రు. 90,000. ఏడాదికి విలువ తరుగు రు. 60,000. బీమా, ఫిట్‌నెస్, పన్ను కలిపి రు. 40,000. టైర్లు, మరమ్మతు రు. 50,000. డ్రైవరు జీతం నెలకు రు. 15,000 చొప్పున రు. 1,80,000. మొత్తం రు. 4,20,000. బండి కదలకపోయినా ఇందులో పెద్ద భాగం తప్పదు.

ఇప్పుడు కిరాయి వైపు. ఒక ట్రిప్పుకు బయటి బండికి రు. 2,500 ఇస్తున్నారని, సొంత బండి అయితే అదే ట్రిప్పుకు డీజిలు రు. 1,000 అవుతుందని అనుకుంటే, ట్రిప్పుకు మిగిలేది రు. 1,500. ఖర్చు పూడడానికి ఏడాదికి 280 ట్రిప్పులు కావాలి. ఇంటివారే నడిపితే డ్రైవరు జీతం పోయి 160 ట్రిప్పులకు దిగుతుంది. మూడు నెలల సీజన్‌లో రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే మామిడి వ్యాపారికి ఈ రెండవ అంకె అందుతుంది. పసుపు మాత్రమే చేసే చిన్న వ్యాపారికి అందదు. ఎవరి కిరాయి, ఎవరి వడ్డీ వారు వేసుకుని ఈ లెక్కను తిరిగి చేసుకోవాలి. ఫోర్‌వీల్ బండికి డీజిలు ఎక్కువ తాగుతుందనీ, ముందు ఇరుసు బరువు ఎప్పుడూ వెంట వుంటుందనీ మరచిపోరాదు.

వర్తకుడు వేయని మరొక లెక్క వున్నది. ఆ రు. 5 లక్షలు వ్యాపారం నుంచే కదా బయటికి వచ్చేది. పసుపు క్వింటాలు రు. 12,000 అనుకున్నా, అది 41 క్వింటాళ్ళకు పైగా సరుకు. సీజన్‌లో మూడుసార్లు తిప్పి నూటికి రెండు రూపాయల లాభం వచ్చినా రు. 30,000. బండి కొన్నవాడు సీజన్ నడుమ చేబదులు కోసం మిల్లు వారి దగ్గరికి పోతే ఆ బండి అసలు ధర మరింత పెరిగినట్లే.

తెల్ల బోర్డు చిక్కు

పాత ఫోర్‌వీల్ పికప్‌లలో అనేకం ప్రైవేటు వాహనాలుగా, అంటే తెల్ల నెంబరు బోర్డుతో రిజిస్టరు అయినవి. వెనుక బాడీ వున్నది కనుక సరుకు వేసుకోవచ్చునని కొనేవారు అనుకుంటారు. ప్రమాదం ఇక్కడనే వున్నది. ప్రైవేటు వాహన బీమా పాలసీలో వాడకానికి పరిమితి వ్రాసి వుంటుంది: కిరాయికి తిప్పరాదు, నమూనాలు, సొంత సామాను తప్ప సరుకు రవాణా చేయరాదు. పదిహేను బస్తాల పసుపుతో పోతున్న తెల్ల బోర్డు బండి బోల్తా పడితే, బండి నష్టం ఇవ్వమని అడిగినప్పుడు కంపెనీ ఆ వాక్యమే చూపుతుంది. వేలం రేటు పైసాతో సహా చూసుకునే వర్తకుడు ఈ వాక్యం చదవకుండా లక్షలు పెట్టడం వింత.

బరువు సంగతి కూడా కాగితంలోనే తేలుతుంది. ఆర్.సి.లో ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు అని రెండు అంకెలు వుంటవి. రెండింటి తేడాయే చట్టం ఒప్పుకున్న లోడు, మనుషులతో సహా. మామూలు బొలేరో పికప్‌లు 1,300, 1,500, 1,700 కిలోల లోడు రకాలుగా వస్తవి. అంటే 13 నుంచి 17 క్వింటాళ్ళు. విలాసపు డబుల్ క్యాబ్ బండికి ఈ తేడా తీసి చూస్తే కొనేవారు ఆశ్చర్యపోవచ్చు. 25 కిలోల మామిడి ట్రేలు 60 వేస్తే 15 క్వింటాళ్ళు. ఆ లోడుకు ఆ బండి కాగితం ఒప్పుకుంటుందో లేదో బేరానికి ముందే చూడాలి.

పసుపు బోర్డు బండి అయితే బాధ్యతలు వేరు. ఫిట్‌నెస్ 8 ఏళ్ళ వయసు వరకు రెండేళ్ళకొకసారి, తరువాత ప్రతి ఏడు. 15 ఏళ్ళు దాటిన రవాణా వాహనాలకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం బాగా పెంచినది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు, మించితే కావాలి. డ్రైవరు లైసెన్సు విషయంలో మాత్రం ఊరట వచ్చినది. తేలిక వాహనాల లైసెన్సు వున్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది.

హమాలీలను బస్తాల మీద కూర్చోబెట్టి తేవడం ఈ ప్రాంతంలో రోజూ కనబడేదే. సరుకు బండిలో ఊరకనే ఎక్కించుకున్న మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే తేల్చినది. సరుకు యజమాని, అతని తరఫు మనిషి వేరు. దారిలో చేయి ఎత్తినవారు వేరు. సొంత కూలీలకు అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించుకోవచ్చు. ఆ కాస్త కట్టని యజమాని నెత్తిన ప్రమాదం నాడు పడేది ఇంటి ధర.

బండి చూడబోయినప్పుడు

రంగు, సీట్లు చూసి మురిసిపోకుండా బండి కిందికి దూరడం మొదటి పని. క్యాబిన్‌కూ వెనుక బాడీకీ మధ్య సందు పైన, కింద ఒకే మందం వుండాలి. పైన కలిసి కింద విడిపోయి వుంటే చాసిస్ వంగినదని అర్థం. కమాన్ కట్టలలో కంపెనీ పెట్టినవాటికన్నా పట్టీ అదనంగా వుంటే ఆ బండి ఓవర్‌లోడు మోసినది. మానేరు ఇసుక తోలిన బండిని బాడీ మూలలు, చాసిస్ లోపలి అంచులు పట్టిస్తవి. తడి ఇసుక నీరు కారి లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన కొత్త రంగు వేసినా సుత్తితో మెల్లగా కొడితే శబ్దంలోనే తెలుస్తుంది.

ఫోర్‌వీల్ పరీక్ష మెత్తటి మట్టి నేల మీదనే చేయాలి. గేరు పడి ముందు చక్రాలు లాగుతున్నవో లేదో, తక్కువ వేగపు గేరు కూడా పడుతున్నదో, మళ్ళీ తీస్తే మామూలుగా వస్తున్నదో మూడు నాలుగు సార్లు చూడాలి. పాత యజమాని ఏళ్ళ తరబడి వాడని గేరు పట్టేసి వుండడం సాధారణం. డిఫరెన్షియల్ నూనె తెల్లగా పాలవలె వున్నదంటే నీళ్ళు లోపలికి పోయినవి. ముందు చక్రాల జాయింట్ల మీది రబ్బరు మూతలు చినిగితే లోపల దుమ్ము చేరి జాయింటే పోతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల వుండవలె. రెండు కొత్తవి, రెండు గుండువి వున్న ఫోర్‌వీల్ బండిలో గేర్ల మీద ఒత్తిడి పడి వుంటుంది. 2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్.-6 డీజిలు బండ్లలో పొగ మసిని పట్టే జల్లెడ వుంటుంది. ఊళ్ళోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. చల్‌గల్‌కూ ఊరికీ మధ్య తిరగడానికే బండి కావాలనుకునేవారు దీనిని గట్టిగా ఆలోచించాలి.

నమ్మకమైన మెకానిక్‌కు రెండు వేలు ఇచ్చి వెంట తీసుకుపోవడం దండగ కాదు. అమ్మేవాడు చూపిన మెకానిక్ వద్దు.

ధర తేల్చడం

పాత బండి ధర చెప్పేవారు కొన్ననాటి కొత్త ధర నుంచి లెక్క మొదలుపెడతారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినది. పన్నుతో రు. 10 లక్షలు వున్న కొత్త బండి, కంపెనీ తన ధర మార్చకుంటే, సుమారు రు. 9.22 లక్షలకు రావాలి. ఆ తగ్గుదల పాత బండి ధరలోనూ దిగవలసినదే. అంతేకాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ వున్న పసుపు, గుడ్డ వర్తకుడు తన వ్యాపారానికి కొత్త సరుకు బండి కొంటే, ఆ రు. 9.22 లక్షలలోని పన్ను సుమారు రు. 1.40 లక్షలను జమ చేసుకునే వీలున్నది. నికరంగా పడేది రు. 7.82 లక్షల లోపు. పాత బండిని ప్రైవేటు వ్యక్తి వద్ద కొంటే ఈ జమ లేదు. తాజా మామిడి మీద జీఎస్టీ లేదు కనుక మామిడి ఒక్కటే చేసే వ్యాపారికి కొత్త బండి మీద కూడా జమ రాదు. ఆరు లక్షలకు పైన చెప్పే పాత ఫోర్‌వీల్ బండి పక్కన ఈ అంకె పెట్టి చూస్తే బేరం ఎంత వరకు పోవచ్చునో తెలుస్తుంది.

తిరిగి అమ్మే రోజు కూడా వస్తుంది. మామూలు పికప్‌ను జగిత్యాలలో ఉదయం చెబితే సాయంత్రానికి అడిగేవారుంటారు. ఫోర్‌వీల్‌కు మోజుపడేవారు కొద్దిమంది. దొరికితే మంచి ధర, దొరకకపోతే నెలల తరబడి ఎదురుచూపు. తరుగుదల రాసుకున్న వర్తకుడు పుస్తకపు విలువ కన్నా ఎక్కువకు అమ్మితే, ఆ ఎక్కువ మీదనే 18 శాతం జీఎస్టీ పడుతుంది. పుస్తకంలో రు. 3 లక్షలున్న బండి రు. 3.50 లక్షలకు పోతే పన్ను రు. 9,000. తక్కువకు అమ్మితే లేదు. కొన్నప్పుడు పన్ను జమ తీసుకోని బండికే ఈ పద్ధతి.

డబ్బు చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. రు. 2 లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రోజుకు రు. 10,000 మించి నగదుగా ఇచ్చిన మొత్తానికి తరుగుదల కూడా రాదు.

కాగితాల విషయంలో జిల్లా నెంబరును చూసి నిశ్చింతపడరాదు. జగిత్యాలకు 21, రాజన్న సిరిసిల్లకు 23, కరీంనగర్‌కు 02. 2014కు ముందు బండ్లకు ఏపీ 15. నెంబరు మనదైనా అప్పు ఎక్కడిదో అవ్వచ్చు. ఆర్.సి. మీద ఫైనాన్సు పేరు వుంటే, అప్పు తీరినట్లు కంపెనీ పత్రమూ 35వ ఫారమూ చేతికి వచ్చేవరకు బయానా మించి ఇవ్వరాదు. మహారాష్ట్ర, ఢిల్లీ బండి అయితే అక్కడి అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, 28వ ఫారం కావాలి. ప్రైవేటు బండికి వయసును బట్టి ఇక్కడ జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టవలె. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టిన తరువాత అక్కడి బండ్లు చవకయినవి. ఆ చవకలో పై పన్ను, తీసుకువచ్చే ఖర్చు కలిపి చూసుకోవాలి.

పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. కొన్నవారు 30 రోజులలో దరఖాస్తు చేయాలి. పేరు మారేవరకు ప్రమాదం జరిగితే రికార్డులో వున్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పినది కనుక తెలివైన అమ్మకందారు తానే తొందరపెడతాడు. పెట్టనివాడిని చూసి కొనేవారు ఆలోచించవలె. బీమాను 14 రోజులలో తమ పేరుకు మార్పించుకోవాలి. ఎదుటివారి నష్టానికి పాలసీ బండితో పాటు వస్తుంది గాని, సొంత బండి నష్టానికి పేరు మారకుండా రాదు. బేరం కుదిరినా, ధరలో కొంత మొత్తం ఆర్.సి. తమ పేర వచ్చిన రోజున ఇచ్చేటట్లు కాగితం వ్రాసుకోవడం జగిత్యాల, కోరుట్ల బ్రోకర్లకు కొత్త కాదు. అమ్మకందారు అందుకు ఒప్పుకోకపోతే ఆ బండిని వదిలివేయవచ్చు.